తిప్పేష్ చేతులు

జూన్ 12, బుధవారం

సముద్రం వచ్చింది. రెండు క్యాన్లు.

తిప్పేష్ ఒకటి భుజాన, ఒకటి చేత పట్టుకుని, మెడకు ఐస్ బాక్స్ తగిలించుకుని ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. గుంతకల్లు స్టేషన్ నుంచి నడిచే వచ్చాడంట. ఆటోలో పెడితే గతుకులకు నీళ్లు ఒలికిపోతాయని. సముద్రంలో నీళ్లకేం కరువు అంటే, ఆడ కరువు లేదులే అక్కా, ఈడికి వచ్చినాంక ఉండాది కదా అన్నాడు.

ఈ ఊళ్లో సముద్రపు బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ చేసేది నేనొక్కదాన్నే. ఏంటికమ్మా అది, ఏరుశనగ మీద చేయకూడదా అని అడగని చుట్టం లేడు. మా గైడ్ విష్ణువర్ధన్ సార్‌కు కిరణ్ అని ఒక పాత స్టూడెంట్ ఉన్నాడు. నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీ నడుపుతాడు. అక్కడ ట్యాంకులకు ట్యాంకులు పిల్లలు చచ్చిపోతున్నాయి. చచ్చే ముందు చీకట్లో నీలంగా వెలుగుతాయి. విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా అది. పేరు అందరికీ తెలుసు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలీదు. సముద్రం నీళ్లతో వస్తోందా, తల్లి రొయ్యలతో వస్తోందా, పనివాళ్లతో వస్తోందా. అది తేల్చడమే నా థీసిస్.

తిప్పేష్ ఆ హేచరీలో ట్యాంకులు కడుగుతాడు. వజ్రకరూరు పక్క పల్లె వాడు. వానల్లేక సేద్యం వదిలేసి ఆరేడుమంది పోతే వీడొక్కడే అక్కడ నిలిచాడు. ఇంటికి వచ్చేటప్పుడల్లా నా శాంపిళ్లు మోసుకొస్తాడు. ఫోన్‌లో బిడ్డ ఫొటో చూపించాడు. బిడ్డకు బొమ్మ కంటే వాళ్ల నాయన వేళ్లు పట్టుకుని పీకడమే ఆటంట.

ఇంకో సంగతి. కిరణ్ శాంపిళ్లు తీశాక ఒక స్వాబ్, అదే తుడిచే దూది పుల్ల, మిగిలిందంట. పారేయడం ఎందుకని తిప్పేష్ తన అరచేతులు తుడిచి దాన్ని కూడా ట్యూబులో పెట్టాడు. పైన పెన్నుతో "నా చెయ్యి" అని రాసి ఉంది. నవ్వుకున్నాను. అదీ చేస్తాలే అన్నాను.

జూన్ 14

నీళ్లు వచ్చే రోజు. అమ్మ కొళాయి దగ్గర యుద్ధం గెలిచి వచ్చింది. అడుగున మిగిలిన పాత నీళ్లు పారబోయకుండా కొత్త బిందెలోకి వంచి, దాని మీద బట్ట కట్టింది.

ల్యాబ్‌లో కొత్త క్యాన్ నీళ్లు ఫిల్టర్ చేసి సీసాల్లో పట్టాను. శాంపిల్ పలచన చేసేది ఈ నీళ్లతోనే. మామూలు నీళ్లయితే సముద్రపు బ్యాక్టీరియా బతకదు. సాయంత్రం దాకా ఒక సీసా కూడా నిండదు, ఆ ఫిల్టర్ అంత మెల్లగా లాగుతుంది. పాత సీసాలో అడుగున కాస్త ఉంటే అదీ కలిపేశాను.

జూన్ 19

సముద్రం నీళ్ల ప్లేట్లు, తల్లి రొయ్యల ప్లేట్లు బాగా వచ్చాయి, బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరిగింది. ఈరోజు చచ్చిన ట్యాంకులవి పెట్టాను. తిప్పేష్ చెయ్యి ఆఖర్న, తీరిక దొరికినప్పుడు.

జూలై 2, సాయంత్రం 5

వచ్చింది. ఐదేళ్లుగా ఎదురుచూసిన జెల్ వచ్చింది.

ఎప్పుడో నేనే మర్చిపోయి చదువుకుంటానేమో కాబట్టి సరిగ్గా రాసుకుంటాను. విబ్రియో హార్వేయి అంటే ఒకటే జాతి. కానీ అందులో స్ట్రెయిన్లు బోలెడు. మైక్రోస్కోప్‌లో అన్నీ ఒకటే. ఒక ఇంట్లో అన్నదమ్ముల్లా. అందుకే వాటి డీఎన్ఏ తీసి, ఎరిక్ ప్రైమర్లతో పీసీఆర్ చేసి, అంటే దాని ముక్కలకు బోలెడు కాపీలు తీసి, జెల్ మీద నడిపిస్తే ఒక్కో స్ట్రెయిన్‌కు ఒక్కో వరస గీతలు పడతాయి. మనిషికి వేలిముద్ర ఎట్లాగో దానికి ఈ గీతలు అట్లా. రెండు చోట్ల ఒకే వరస పడితే, రెండు చోట్లా అదే దొంగ.

సముద్రం నీళ్లవి వేరే వరస. తల్లి రొయ్యలవి ఇంకో వరస. చచ్చిన ట్యాంకులు మూడూ ఒకే వరస. ఏడో లేన్ తిప్పేష్ చెయ్యి. అచ్చం ట్యాంకుల వరసే. గీత గీతకూ సరిపోయింది.

సార్ వచ్చి జెల్ చూసే యూవీ బాక్స్ ముందు స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. నేను చేరినప్పటి నుంచి ఆయన నా బెంచి దగ్గర కూర్చోవడం ఇదే మొదలు. చానా సేపు చూసి, ఏమ్మా హేమా, దొంగ దొరికినాడు కదా అన్నాడు. అక్కడి నుంచే కిరణ్‌కు ఫోన్ చేశాడు.

చేతి స్వాబ్ ఒక్కటే సార్, ఇంకోసారి తీసి చూద్దాం అని నేను అనలేదు. అనాలనుకున్నాను అని రాసుకోవడానికి కూడా లేదు. నాకు అప్పుడు అమ్మకు ఈ గెలుపు ఎట్లా చెప్పాలా అన్నదే ఉంది.

జూలై 3

సార్ జెల్ ఫొటో కిరణ్‌కు వాట్సాప్‌లో పంపాడు. ఏడో లేన్ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి.

జూలై 16, మంగళవారం

కిరణ్ ఫోన్ చేశాడు. నాకే, సార్‌కు కాదు. ట్యాంకులన్నీ ఖాళీ చేసి క్లోరిన్ కొట్టించారంట, బకెట్లు, పైపులు అన్నీ మార్చారంట. మీ వల్ల ఈ సీజన్ గట్టెక్కుతామండి అన్నాడు. తిప్పేష్‌ను తీసేశామని కూడా మామూలుగానే చెప్పాడు. పైపులు మార్చామన్నట్టే.

వాళ్ల హేచరీ ఓనర్లకు ఒక గ్రూపు ఉందంట. ఆ జెల్ ఫొటో, కింద తిప్పేష్ ఫొటో, రెండూ అందులో పెట్టారు. పాపం మంచోడేనండి, కానీ ఎవరి ట్యాంకులు వాళ్లకు ముఖ్యం కదా అన్నాడు.

ఆ తీరంలో వాడికి ఇంకెవరూ పని ఇవ్వరు. మనసులో ముల్లు విరిగినట్టు ఉంది. కానీ సైన్స్ కదా. గీతలు అబద్ధం చెప్పవు కదా. ఇట్లా రెండుసార్లు అనుకుంటే పోయింది. ఎంత సులభంగా పోయిందో.

ఆగస్టు 6

బెంగళూరు సెమినార్‌కు మా పేపర్ తీసుకున్నారు. అమ్మ ఓళిగలు చేసింది. నాయన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ చెప్పుకుంటున్నాడు, మా పాప పురుగులకు వేలిముద్రలు తీస్తాది అని.

ఆగస్టు 20, మంగళవారం

ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాక్టికల్. సముద్రం నీళ్లకు, మన నీళ్లకు తేడా చూపిద్దామని కాలేజీ బోరు నీళ్లు కూడా మొన్న ప్లేట్ పెట్టించాను. వాటిలో ఏమీ రాదు, అదే పాఠం.

ఈరోజు కిటికీలకు నల్ల గుడ్డ వేసి చూపించాను. సముద్రం ప్లేట్లలో అక్కడక్కడ నీలం. పిల్లలు ముచ్చటపడ్డారు. ఆ పక్కన బోరు నీళ్ల ప్లేట్ కూడా వెలుగుతోంది. నిండా.

ఒక పిల్ల, మేడం మన గుంతకల్లు కింద సముద్రం ఉండాదా అనింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిల్లలు పోయాక ఆ ప్లేట్‌కు టేపు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను.

ఆగస్టు 23, శుక్రవారం

బోరు నీళ్ల కాలనీలు జెల్ మీద నడిపాను. ఏడో లేన్ వరసే.

బోరు నీళ్లు వదిలేసి, ఉట్టి సీసా నీళ్లే ప్లేట్ మీద పోసి చూశాను. బోరు నీళ్లను కూడా పలచన చేసిన ఆ నీళ్లు. అందులోనే ఉంది. నిండుగా, సుఖంగా ఉంది.

ఎట్లా జరిగిందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చచ్చిన ట్యాంకుల శాంపిల్ పెట్టిన రోజు, మూడూ అయ్యాక ఆఖర్న, ఏదో ఒక పిపెట్ మళ్లీ సీసాలోకి పోయింది. ఆ సీసా అడుగు నీళ్లు కొత్త సీసాలోకి. ఆ సీసా అడుగు నీళ్లు ఇంకో కొత్త దాంట్లోకి. ఏ ఊళ్లోనైనా మిగిలిన నీళ్లు సింకులో పోస్తారు. అది ల్యాబ్‌లో మొదటి రోజు చెప్పే పాఠం. నేనే ఈ పిల్లలకు చెప్పాను. చెప్పి, నా సీసా దగ్గరికి వచ్చి, అడుగు నీళ్లు వంచుకున్నాను. చెయ్యి దానంతట అది వంచేస్తుంది. నీళ్లు పారబోయడం మా ఇంట్లో బూతు మాట కంటే తప్పు.

పీసీఆర్‌కు కంట్రోల్ పెట్టాను, అంటే శాంపిల్ లేకుండా ఉట్టిది నడిపి చూసుకున్నాను. జెల్‌కు పెట్టాను. సీసా నీళ్లకు పెట్టలేదు. నీళ్లను ఎవరు అనుమానిస్తారు.

ఆగస్టు 24

తిప్పేష్ చేతిలో అది లేదు అని కూడా చెప్పలేను. ఇది ఇంకా ఘోరం.

ఉంటే ఉండి ఉండవచ్చు. ఆ స్వాబ్ ఇప్పుడు లేదు. రూల్ ప్రకారం ఆటోక్లేవ్ ఆవిరిలో ఉడికించి పారేశాను. ఫ్రీజర్‌లో దాచింది ప్లేట్ మీద పెరిగిన దాన్ని, అంటే సీసాలోదాన్ని. వాడి చెయ్యి ఏం చెప్పి ఉండేదో ఇక ఎప్పటికీ తెలీదు. ఆ రోజు దాటిపోయింది.

ఆగస్టు 27

సార్‌కు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ట్యాంకులవి కరెక్టే కదమ్మా అన్నాడు. అవును. సముద్రానివి, తల్లి రొయ్యలవి? అవీ కరెక్టే, అవి ముందే పెట్టినవి. అట్లయితే ఏడో లేన్ ఒక్కటే కదా పోయేది, కత్తిరించి పారేయ్ అన్నాడు. దానికేమి ఇంత ముఖం పెట్టుకుంటావు, నీ థీసిస్‌కు ఏమీ కాదు పో అన్నాడు.

నిజమే. నా థీసిస్‌కు ఏమీ కాలేదు. ఆరు లేన్లతో నిక్షేపంగా ఉంది.

మరి తిప్పేష్ సార్ అంటే, కిరణ్‌కు చెప్తాలే, నువ్వు మాత్రం రాతలో ఏమీ పెట్టొద్దు అన్నాడు.

సెప్టెంబర్ 4

సార్ చెప్పలేదు. నేనే కిరణ్‌కు ఫోన్ చేశాను.

కిరణ్ అంతా విన్నాడు. మంచివాడే, అడ్డు తగల్లేదు. చివర్న అన్నాడు, మేడం, వాణ్ణి తీసేశాక ట్యాంకులు చావడం ఆగిపోయిందండి, మరి దానికేమంటారు. క్లోరిన్ కొట్టారు కదా, పైపులు మార్చారు కదా అన్నాను. అవన్నీ అంతకుముందు కూడా చేశామండి అన్నాడు. వాడి పనిలో కొత్తవాడు చేరాడు, ఇప్పుడు మళ్లీ ఎందుకండి అని పెట్టేశాడు.

గ్రూపులో ఆ ఫొటో తీసేయమని అడిగాను. తీస్తామన్నాడు. తీస్తే మాత్రం ఎన్ని ఫోన్లలో ఉందో.

సెప్టెంబర్ 15, ఆదివారం

వజ్రకరూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో తిప్పేష్ పల్లెకు పోయాను. అమ్మకు గుడికి అని చెప్పాను.

వాడి భార్య మల్లీశ్వరి చాప వేసింది. ఫోన్‌లో చూసిన బిడ్డ ఆమె చంకలో ఉంది. తిప్పేష్ అరుగు ఆ చివర కూర్చున్నాడు. నేను దగ్గరికి రమ్మంటే, వద్దులే అక్కా, ఈడే బాగుండాది అన్నాడు.

అప్పుడు చేతులు చూశాను. తెల్లగా పాలిపోయి, పొరలు పొరలుగా తోలు లేచి, వేళ్ల సందుల్లో పగుళ్లు. పంచాయతీ వాళ్లు ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్ తెచ్చుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కడుగుతున్నాడంట. మల్లీశ్వరి చెప్తూ కళ్లు తుడుచుకుంది. ఆస్పత్రికి పోదామంటే రాడు, ఆడ ఇంకొకరికి అంటుకుంటాది అంటాడు. బిడ్డను ముట్టుకోడు. వచ్చినప్పటి నుంచి ఒక్కసారి ఎత్తుకోలేదు. బిడ్డ నాయన నాయన అని పాక్కుంటూ పోతే ఈయన లేసి బయటికి పోతాండాడు అంది.

నేను ఇట్లాంటిది ఊహించలేదు. పని పోయి ఉంటుంది, కోపంగా ఉంటాడు, నాలుగు మాటలు అంటాడు, పడదాం అని పోయాను.

ఆ ఫొటో పల్లె ఫోన్లలోకీ వచ్చిందంట, కొళాయి దగ్గర కూడా వాణ్ణి నీళ్లు పట్టుకోనివ్వరు. గొడవేమీ లేదు. కొళాయి విడిచే చౌడప్ప, మీ ఆడమనిషి పట్టుకుంటాదిలేప్పా, నువ్వు ఎండలో ఏంటికి అన్నాడంట. మర్యాదగానే. నేను చౌడప్ప దగ్గరికి పోయి చెప్పాను. అది రొయ్య పిల్లల జబ్బు, మనుషులకు దాదాపు ఏమీ చేయదు అన్నాను. ఆయన చెవి పక్కన గోక్కుంటూ, దాదాపు అంటే ఏంది మేడం అన్నాడు. ఎప్పుడో ఎక్కడో పుండు ద్వారా ఒకరికిద్దరికి వచ్చినట్టు చదివాను. అందుకే ఆ మాట వాడాను. పాడు నోరు.

తిప్పేష్‌కు మొత్తం చెప్పాను. సీసా, అడుగు నీళ్లు, నా తప్పు. శ్రద్ధగా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు. అట్లయితే నా చేతిలో లేదు కదా అక్కా?

లేదు అంటే అయిపోయేది. మల్లీశ్వరి నా ముఖమే చూస్తోంది. నేను తెలీదు అన్నాను. ఉందో లేదో ఇప్పుడు తేల్చలేం తిప్పేష్, ఆ శాంపిల్ పాడు చేసేశాను అన్నాను.

తెలీదంటే ఉండచ్చుననే కదా అక్కా అన్నాడు. కోపం లేదు. నాకు సాయం చేస్తున్నట్టు అన్నాడు.

సంచిలో కొత్త స్వాబ్‌లు ఉన్నాయి. ఇప్పుడు తీసి చూస్తాను, ఇప్పుడు లేదని తేలితే అది ఖాయం కదా అన్నాను. వాడు చేతులు చాపాడు. పగుళ్ల మీద దూది తగిలితే పళ్లు బిగించాడు.

సెప్టెంబర్ 19

కొత్త సీసా. కొత్త నీళ్లు. మిగిలినవి సింకులో పోశాను. ఉట్టి నీళ్ల ప్లేట్ వేరే పెట్టాను, ఖాళీ స్వాబ్ ప్లేట్ వేరే పెట్టాను. ఇప్పుడు అన్నీ పెట్టాను.

సెప్టెంబర్ 21, శనివారం

తిప్పేష్ ప్లేట్లలో ఏమీ రాలేదు.

విబ్రియో లేదు. ఏదైనా పెరిగే మామూలు ప్లేట్ మీద కూడా ఏమీ లేదు. మనిషి చెయ్యి ఎవరిదైనా సరే, ఏవో కొన్ని వస్తాయి, రావాలి. పోల్చుకోవడానికి నా చెయ్యి కూడా పెట్టుకున్నాను, తెల్లవి పసుపువి నిండుగా వచ్చాయి. వాడి ప్లేట్ తళతళలాడుతోంది. నేను ఏడ్చాను. ల్యాబ్‌లో ఎవరూ లేరు కాబట్టి బాగానే ఏడ్చాను.

ఫొటో తీసి పంపాను. ఏమీ లేదు తిప్పేష్, నీ చెయ్యి నా చేతికంటే శుభ్రం అని రాశాను. ఆ మాట ఎందుకు రాశానో. సంతోషపెడదామని.

వెంటనే ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం. అట్లయితే కడగబట్టే పోయింది కదా అక్కా అన్నాడు. నేను కాదు కాదు అంటున్నాను. ఇంక మానను, ఇట్లే కడుగుతాంటే మళ్లా రాదు కదా అంటున్నాడు.

నా పరీక్ష వాడికి ఇచ్చిన బుద్ధి ఇది.

సెప్టెంబర్ 30

రోజూ ఫోన్ చేసి మానేయమని చెప్తున్నాను. సరే అక్కా అంటాడు. మల్లీశ్వరి మాత్రం ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు కడుగుతున్నాడు అంటోంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటే, నువ్వే డాక్టరు అవుతాండావు కదక్కా, నువ్వే చెప్పినావు కదా అంటాడు.

అక్టోబర్ 18, శుక్రవారం. బెంగళూరు

సార్ నన్నే మాట్లాడమన్నాడు. ఆరు లేన్ల ఫొటో తెర మీద వేసి చెప్పాను. కత్తిరించిన చోట అంచు కూడా కనపడలేదు. ట్యాంకుల మధ్య ఒకే స్ట్రెయిన్ తిరుగుతోందని చెప్పాను. అది నిజం. ఎవరో లేచి, ట్యాంకు నుంచి ట్యాంకుకు ఎట్లా పోతోందంటారు అని అడిగారు. సార్ ముందు వరసలో ఉన్నాడు. ఇంకా తెలీదు అన్నాను. మంచి జవాబు అని చప్పట్లు కొట్టారు.

అక్కడ నిలబడి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెప్తే తిప్పేష్‌కు ఏమీ ఒరగదు అని సర్దిచెప్పుకున్నాను. నిజంగానే ఒరగదు. అది కూడా నాకు సాకుగా పనికొచ్చింది.

నవంబర్ 2

సార్ థీసిస్ మీద సంతకం పెట్టాడు.

నవంబర్ 10, ఆదివారం

మళ్లీ పోయాను. తిప్పేష్ చేతులు ఇప్పుడు ముడుచుకోవడం లేదు, పిడికిలి పట్టుకోలేడు. ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోతే తట్ట జారిపోయిందంట, పంపేశారు. నువ్వు బిడ్డను ఎత్తుకో, నా మాట విను, ఏమన్నా అయితే నాది పూచీ అన్నాను. వాడు లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, తప్పు చేసినదాన్ని, అన్నీ అయి కూడా ఒక మనిషి చేత వాడి బిడ్డను ఎత్తించలేకపోయాను.

నవంబర్ 17

మల్లీశ్వరి ఫోన్ చేసింది. నిన్న ఎత్తుకున్నాడంట. రెండు చేతులకూ నూనె ప్యాకెట్ కవర్లు తొడుక్కుని, మణికట్టు దగ్గర దారంతో కట్టుకుని.

ఆ కవర్ల చప్పుడు బిడ్డకు చానా నచ్చిందంట. నవ్వుతాండాదంట.